ఇనుము కోసే రంపం: ఏది కొందాం?



కూరగాయలు తరగడానికి కత్తిపీట ఉంది. వరి కోయడానికి కొడవలి ఉంది. కట్టె కోయడానికి రంపం ఉంది. మరి ఇనుమును దేనితో కోయాలి?

"అది మొగోళ్ళ పని, మనకెందుకు?" అనకండి. ఈ పాఠంలో ఎర్రగడ్డలోని ఒక అక్క ఉంది. ఆమె ఇంటి ముందు చిన్న రేకుల షెడ్డు ఉంది. అందులో ఆమె ఇనుప స్టాండ్లు చేస్తుంది. తులసి కుండీకి స్టాండు, మంచినీళ్ళ కుండకు స్టాండు. వాడలో అందరూ ఆమెను స్టాండ్లక్క అంటారు. మనమూ అట్లాగే పిలుద్దాం.

ఎర్రగడ్డ హైదరాబాదులో సనత్‌నగర్ పక్కన ఉంది. ఛాతీ ఆసుపత్రి ఉన్న చోటు. రైతుబజారు ఉంది. 2017 నుంచి మెట్రో రైలు కూడా ఆగుతోంది. ఆదివారం వస్తే సంత. పాత కుర్చీలు, పాత ఫ్యాన్లు, పాత పనిముట్లు అన్నీ దొరుకుతాయి. ఒకవైపు బోరబండ, యూసుఫ్‌గూడ దాటితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వస్తాయి. అవి సినిమా వాళ్ళ చోట్లు. ఇంకోవైపు సనత్‌నగర్, బాలానగర్. అవి ఇనుము పనికి పుట్టిళ్ళు. 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. పనిముట్ల తయారీ నేర్పే కేంద్ర సంస్థ ఒకటి 1968లో బాలానగర్‌లో పెట్టారు. అది ఇప్పటికీ ఉంది.

స్టాండ్లక్క తమ్ముడు బాలానగర్‌లో వెల్డింగు పని చేస్తాడు. ఆదివారం అక్క ఇంటికి వచ్చి అతుకులు వేసి పోతాడు. కొలత, కోత, ఆకురాయి పట్టడం, రంగు వేయడం అన్నీ అక్కవే. మొదట సరదాకు చేసింది. తన తులసి కుండీకి ఒక్క స్టాండు చేసుకుంది. "నాక్కూడా ఒకటి చేసియ్యి వదినా" అని పక్కింటామె అడిగింది. అట్లా పెరిగింది.

ఒకనాడు ఒక నర్సరీ ఆయన వచ్చాడు. నలభై స్టాండ్లు కావాలన్నాడు. నెల రోజుల్లో ఇవ్వాలన్నాడు. బయానా కూడా ఇచ్చిపోయాడు.

ఆ వారం పొదుపు సంఘం మీటింగులో అక్క లేచి నిలబడింది.

"నాకు పదివేలు అప్పు గావాలె. కటింగ్ మిషన్ కొంట" అంది.

"ఏందక్కా, రంపానికి పదివేలా?" అని గాజులమ్మే వదిన నోరు తెరిచింది.

"చేతితోని కోసీ కోసీ రెట్టలు పోతున్నయ్ వదినా. ఒక్క ముక్క తెగనీకి ఎనిమిది నిమిషాలు. పళ్ళు ఊడుతున్నయ్. నావి గాదు, బ్లేడువి!"

అందరూ నవ్వారు. కాని పదివేలంటే సంఘంలో ఉన్న డబ్బులో సగం. ఆ నెలలోనే ఇంకో ఇద్దరికి పిల్లల ఫీజులకు అప్పు కావాలి. ఇవ్వాలా, వద్దా? ఎవరూ తేల్చలేదు. అప్పుడు సంఘం పెద్దమ్మ ఒక మాట అంది: "ఊకె మాట్లాడితే ఏం తెలుస్తది? నీ రంపం రేపు రాత్రి బడికి తీస్కరా. అందరం సూద్దాం. లెక్క ఏద్దాం."

మరునాడు రాత్రి మేము చేసిన లెక్కే ఈ పాఠం.

బ్లేడు మీది అంకె

అక్క రంపం తెచ్చింది. దాన్ని హాక్సా అంటారు. కొందరు ఆక్సా అంటారు. ఒక ఇనుప ఫ్రేము, ఒక పిడి, మధ్యలో సన్నటి బ్లేడు. బ్లేడు పొడవు 12 అంగుళాలు. మన స్కేలు అంతే. వెడల్పు అర అంగుళం. ఒక చివర రెక్కల నట్టు ఉంటుంది. దాన్ని తిప్పితే బ్లేడు బిగుస్తుంది.

బ్లేడు మీద చిన్న అక్షరాలు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు. అవి రాకపోయినా ఫరవాలేదు. అంకెలు చూడండి. అక్క బ్లేడును దీపం దగ్గర పెట్టి చూశాం. రంగు సగం పోయింది. అయినా ఒక అంకె కనబడింది: 18.

ఏమిటీ 18? ఒక అంగుళం పొడవులో 18 పళ్ళు ఉన్నాయని అర్థం. ఇనుము కోసే బ్లేడ్లు నాలుగు రకాలుగా దొరుకుతాయి. అంగుళానికి 14 పళ్ళవి, 18 పళ్ళవి, 24 పళ్ళవి, 32 పళ్ళవి. అంకె పెరిగితే పళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. అంకె తగ్గితే పళ్ళు పెద్దవి, ఎడంగా ఉంటాయి.

ఎందుకిన్ని రకాలు? తలదువ్వుకునే దువ్వెన గుర్తు తెచ్చుకోండి. చిక్కు తీయడానికి పెద్దపళ్ళ దువ్వెన. పేలు తీయడానికి ఈరుబాన. ఒకదాని పని ఇంకొకటి చేయదు. ఇదీ అంతే. మందమైన కడ్డీకి, మెత్తని అల్యూమినియం దిమ్మకు పెద్ద పళ్ళు కావాలి. పొట్టు బయటకు రావడానికి పళ్ళ మధ్య చోటుండాలి. పలచని రేకుకు, పైపుకు చిన్న పళ్ళు కావాలి.

దీనికి పనివాళ్ళు ఒక గుర్తు పెట్టుకున్నారు. కోసే చోట ఒకేసారి కనీసం మూడు పళ్ళు ఇనుము మీద ఆనాలి. అంతకంటే తక్కువ ఆనితే, ఇనుప అంచు రెండు పళ్ళ మధ్య సందులో దిగబడుతుంది. మీరు ముందుకు తోస్తారు. పన్ను విరుగుతుంది. ఒక పన్ను విరిగితే పక్క పన్ను మీద బరువు పడుతుంది. అదీ విరుగుతుంది. వరసగా పోతాయి.

లెక్క వేద్దాం. ఒక అంగుళం అంటే సుమారు 25 మిల్లీమీటర్లు. 18 పళ్ళ బ్లేడులో ఒక్కో పన్ను దాదాపు 1.4 మిల్లీమీటర్లు. మూడు పళ్ళంటే 4 మిల్లీమీటర్లకు పైనే. అక్క కోసే పైపు అంగుళం చౌక పైపు. దాని గోడ మందం 16 గేజి, అంటే 1.6 మిల్లీమీటర్లు. నాలుగు ఎక్కడ, ఒకటిన్నర ఎక్కడ! పళ్ళు ఊడక ఏం చేస్తాయి?

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మూడేండ్ల సంది ఆ అంకె నా చేతులనే ఉంది. దుకాణపాయన ఏదిస్తే అది తెచ్చుకున్న. నేను అడగలే, ఆయన చెప్పలే."

పలచని పైపుకు 32 పళ్ళ బ్లేడు తీసుకోవాలి. దొరక్కపోతే 24. కొంచెం మందం ఉన్న యాంగిలర్‌కు, నీళ్ళ పైపుకు 24. అర అంగుళం, ముప్పాతిక అంగుళం కడ్డీలకు 18. దుకాణంలో "ఆక్సా బ్లేడు ఇయ్యి" అనకండి. "32 పళ్ళ బ్లేడు ఇయ్యి" అనండి. చేతికి ఇచ్చాక అంకె చదివి డబ్బులు ఇవ్వండి.

ఒక సంగతి దాచకూడదు. 32 పళ్ళ బ్లేడులో కూడా మూడు పళ్ళంటే 2.4 మిల్లీమీటర్లు అవుతుంది. మన పైపు గోడ 1.6 మాత్రమే. మరి ఎట్లా? దీనికి ఒక ఉపాయం ఉంది. చౌక పైపును పైనుంచి కిందికి ఒకే కోతలో కోయకండి. పైముఖం మాత్రం కోయండి. అప్పుడు బ్లేడు ఆ ముఖం మీద పడుకొని ఉంటుంది. చాలా పళ్ళు ఆనుతాయి. ఆ ముఖం తెగగానే పైపును పక్కకు తిప్పి, రెండో ముఖం కోయండి. అట్లా నాలుగు ముఖాలు. అందుకే కోయడానికి ముందు నాలుగు వైపులా గీత గీసుకోవాలి. గీతలు కలవకపోతే కోతలు కలవవు. గుండ్రటి పైపునూ కొంచెం కొంచెం తిప్పుతూ కోయాలి. రేకునైతే రెండు చెక్కల మధ్య పెట్టి, చెక్కతో కలిపి కోయాలి.

బ్లేడు ఎక్కించే తీరు

బ్లేడు పళ్ళకు ఒక వైపు మొగ్గు ఉంటుంది. కక్కు కొడవలి పట్టిన వాళ్ళకు ఇది తెలుసు. కొడవలిని మన వైపు లాగితే కోస్తుంది. హాక్సా అట్లా కాదు. ముందుకు తోస్తేనే కోస్తుంది. కాబట్టి పళ్ళు ముందుకు, అంటే పిడికి దూరంగా చూడాలి. చాలా బ్లేడ్ల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం ముందుకు చూడాలి. అక్క ఫ్రేములో బ్లేడు తిరగేసి ఉంది! కొడవలి అలవాటు కదా.

బ్లేడును బిగుతుగా బిగించాలి. వదులుగా ఉంటే మెలిక పడి విరుగుతుంది. వేలితో మీటితే తీగలాగా మోగాలి.

తోసేటప్పుడు కొంచెం బరువు వెయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు బరువు తీసెయ్యాలి. బ్లేడు మొత్తం పొడవు వాడాలి. మధ్యలో నాలుగు అంగుళాలతోనే రాపాడిస్తే అక్కడి పళ్ళే అరిగిపోతాయి. తొందర పడకూడదు. నిమిషానికి 40 నుంచి 50 తోపులు చాలు. ఎక్కువ వేగంగా తోస్తే పళ్ళు వేడెక్కి మొద్దుబారతాయి. కోసే చోట రెండు చుక్కల నూనె వేస్తే మంచిది.

మధ్యలో పాత బ్లేడు పోయి కొత్తది ఎక్కించారనుకోండి. పాత కోతలో కొత్త బ్లేడు పెట్టకండి. బ్లేడు పళ్ళు కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఒంగి ఉంటాయి. అందువల్ల కోత బ్లేడు కంటే కొంచెం వెడల్పుగా పడుతుంది. అరిగిన బ్లేడు కోత ఇరుకు. కొత్త బ్లేడు అందులో ఇరుక్కుంటుంది. పైపును తిప్పి కొత్త చోట మొదలుపెట్టండి.

బ్లేడ్లలో ఇంకో తేడా కూడా ఉంది. కొన్ని మొత్తం గట్టి ఉక్కువి. బాగా కోస్తాయి కాని చెయ్యి కొంచెం వంకర పోతే పుటుక్కున విరుగుతాయి. కొన్నిటికి నడుము మెత్తన, పళ్ళు మాత్రం గట్టి. రెండు లోహాలు అతికించి చేస్తారు. వీటిని బై మెటల్ బ్లేడ్లు అంటారు. ధర ఎక్కువ. కాని వంగుతాయి, తొందరగా విరగవు. కొత్తగా నేర్చుకునే వాళ్ళు ఇవే కొనాలని నా అభిప్రాయం. చవక బ్లేడ్లు డజను విరిచే బదులు ఇది ఒకటి నయం.

ఇంకొకటి. అక్క పైపును కాలితో తొక్కిపట్టి కోస్తోంది. అట్లా కోస్తే పైపు కదులుతుంది. పైపు కదిలితే బ్లేడు విరుగుతుంది. నడుము కూడా విరుగుతుంది. వైసు కావాలి. వైసు అంటే ఇనుప దవడలు. పిడి తిప్పితే పైపును గట్టిగా పట్టుకుంటాయి. నాలుగు అంగుళాల వైసు ఇంటి పనికి సరిపోతుంది. దాన్ని బరువైన బల్లకు బోల్టులతో బిగించాలి. కోసే చోటు వైసు దవడకు దగ్గరగా ఉండాలి. దూరమైతే పైపు అదురుతుంది. పాత వైసు సంతలో దొరికితే కొనొచ్చు. దవడలు సమంగా మూసుకుంటున్నాయా, మర అరిగిందా, ఎక్కడైనా పగులు ఉందా చూసి కొనండి.

మిషన్ల సంగతి

"బ్లేడు మారిస్తే సరే. అయినా మిషన్ మిషనే గదా" అంది అక్క. నిజమే. మిషన్లు కూడా చూద్దాం.

చేతి గ్రైండరు. దీన్ని మీరు కిటికీలు చేసే షాపుల్లో చూసే ఉంటారు. చేతిలో పట్టుకుంటారు. ముందు ఒక చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంది. నాలుగు అంగుళాల చక్రం. నిమిషానికి సుమారు 11,000 చుట్లు. మన సీలింగ్ ఫ్యాను నిమిషానికి 300, 400 చుట్లు తిరుగుతుంది. పోల్చి చూసుకోండి. ఇది చవక. అన్నిటిలోకి ప్రమాదం కూడా ఇదే. చక్రం కోతలో ఇరుక్కుంటే మిషన్ ఎగిరి మన మీదికి వస్తుంది.

గ్రైండరు మీద చక్రానికి ఒక రేకు మూత ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. చక్రం పగిలితే ముక్కలు మన ముఖానికి తగలకుండా అది ఆపుతుంది. చాలామంది దాన్ని పీకి పారేస్తారు. ఎందుకు? నాలుగు అంగుళాల మిషన్‌కు ఏడు అంగుళాల చక్రం ఎక్కించడానికి. పెద్ద చక్రమైతే లోతుగా కోస్తుందని ఆశ.

ఇక్కడే చదువు కావాలి. ప్రతి చక్రం మీద ఒక అంకె ఉంటుంది. నిమిషానికి ఎన్ని చుట్ల దాకా అది తట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది. మిషన్ మీది రేకు బిళ్ళ మీద కూడా ఒక అంకె ఉంటుంది. అది మిషన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. చక్రం మీది అంకె ఎప్పుడూ మిషన్ మీది అంకె కంటే పెద్దదిగా ఉండాలి. నాలుగు అంగుళాల చక్రం సుమారు 15,000 చుట్లు తట్టుకుంటుంది. మిషన్ 11,000. సరిపోయింది. ఏడు అంగుళాల చక్రం సుమారు 8,500 మాత్రమే తట్టుకుంటుంది. దాన్ని 11,000 చుట్ల మిషన్ మీద పెడితే ఏమవుతుంది? చక్రం ముక్కలై తూటాల్లాగా ఎగురుతుంది.

ఈ మాట చెప్పగానే అక్క ముఖం మారింది. "మా తమ్ముని మిషన్‌కు మూత లేదు" అంది. ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేసింది. ఏం మాట్లాడిందో మాకు తెలియదు కాని గట్టిగానే మాట్లాడింది.

గ్రైండరుకు కట్టె కోసే పళ్ళ చక్రం ఎప్పుడూ పెట్టకండి. కింద పడిన చక్రం, తడిసిన చక్రం వాడకండి. కొన్ని చక్రాల మధ్య రేకు బిళ్ళ మీద గడువు తేదీ కూడా ఉంటుంది. మందు బిళ్ళల మీద చూసినట్టే అది చూసి కొనండి. సంతలో పాత పనిముట్లు ఏవైనా కొనండి గాని పాత చక్రాలు మాత్రం కొనకండి.

పెద్ద కటింగ్ మిషన్. అక్క అడిగింది ఇదే. నేల మీద పెడతారు. చక్రం 14 అంగుళాలు. పైపును కింద బిగించి, పిడి పట్టుకొని చక్రాన్ని కిందికి దించుతారు. అంగుళం పైపు కొన్ని సెకన్లలో తెగుతుంది. నాలుగు పైపులు కలిపి కూడా కోయవచ్చు. వెల్డింగు షాపులకు ఇదే సరైనది. కాని ఇంటికి?

మొదటిది కరెంటు. ఈ మిషన్ సుమారు 2,000 వాట్లు. అక్క షెడ్డులో ఉన్నది ఫోను చార్జింగు పెట్టుకునే చిన్న ప్లగ్గు. దాని మీద ఇది నడవకూడదు. వైరు కాలుతుంది. 15 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, మందమైన వైరు, ఎర్త్ కావాలి. ఆ ఖర్చు మిషన్ ధరలో కలపాలి.

రెండోది నిప్పురవ్వలు. ఇది ఇనుమును పళ్ళతో కోయదు. రాయితో అరగదీస్తుంది. రవ్వలు పది అడుగుల దాకా పోతాయి. అక్క షెడ్డు పక్కనే వంటగది. అందులో గ్యాసు బండ. తలుపుకు ఆరేసిన బట్టలు.

మూడోది చప్పుడు. మన ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నారు. ఒకరోజు ఊరుకుంటారు, రెండు రోజులు ఊరుకుంటారు.

నాలుగోది వృథా. దీని చక్రం మందం సుమారు 3 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్ల ఇనుము దుమ్మై పోతుంది. హాక్సాతో సుమారు 1 మిల్లీమీటరే పోతుంది. అల్యూమినియం కోయడానికి కూడా ఈ చక్రం పనికిరాదు. అల్యూమినియం కరిగి చక్రానికి అంటుకుంటుంది.

ఇదే ఆకారంలో ఇంకో మిషన్ వస్తుంది. దానికి రాతి చక్రం ఉండదు. గట్టి పళ్ళున్న ఉక్కు చక్రం ఉంటుంది. నిమిషానికి 1,300 చుట్లే తిరుగుతుంది. రవ్వలు తక్కువ. కోసిన అంచు చల్లగా, నున్నగా వస్తుంది. కాని ధర చాలా ఎక్కువ. ఒక్క పన్ను పోతే చక్రం ఖర్చు మీద పడుతుంది.

చివరిది బ్యాండ్ సా, అంటే పట్టీ రంపం. పొడవాటి బ్లేడును గుండ్రంగా అతికించి, రెండు చక్రాల మీద పట్టీలాగా తిప్పుతారు. ఇది మెల్లగా నడుస్తుంది. రవ్వలు లేవు. చప్పుడు తక్కువ. వృథా తక్కువ. మీరు దాన్ని ఆన్ చేసి పక్కన ఆకురాయి పట్టుకోవచ్చు, అదే కోసుకుంటుంది. డబ్బుంటే ఇంటి షెడ్డుకు ఇంతకంటే మంచిది లేదని నేను అంటాను. డబ్బే లేదు. కట్టె కోసే పట్టీ రంపం చవకగా దొరికిందని కొనకండి. అది చాలా వేగంగా తిరుగుతుంది. ఇనుము పెడితే నిమిషంలో పళ్ళు మాడిపోతాయి.

లెక్క

ఇప్పుడు పలకలు తీశాం. మీరూ తీయండి.

ఒక స్టాండుకు నాలుగు కాళ్ళు. ఒక్కోటి 18 అంగుళాలు. పైన నాలుగు కడ్డీలు, కింద నాలుగు కడ్డీలు. ఒక్కోటి 12 అంగుళాలు. మొత్తం 12 ముక్కలు. నలభై స్టాండ్లకు 40 × 12 = 480 ముక్కలు. అంటే సుమారు 480 కోతలు.

అక్క పాత బ్లేడుతో ఒక్కో కోతకు 8 నిమిషాలు. 480 × 8 = 3,840 నిమిషాలు. 60తో భాగిస్తే 64 గంటలు. అక్కకు ఇంటి పని పోగా రోజుకు రెండు గంటలు దొరుకుతాయి. 32 రోజులు కావాలి. నెల చాలదు. అందుకే అక్క భయపడింది.

మాలో ఒకామె ఇంట్లో 32 పళ్ళ బ్లేడు ఉంది. తెప్పించాం. బాణం ముందుకు పెట్టి బిగించాం. పైపును బల్ల అంచుకు కట్టి, ముఖం ముఖం తిప్పుతూ అక్క కోసింది. గడియారం చూశాం. 3 నిమిషాలు.

480 × 3 = 1,440 నిమిషాలు. 24 గంటలు. రోజుకు రెండు గంటలైతే 12 రోజులు.

గాజులమ్మే వదిన చప్పట్లు కొట్టింది. అక్క మాత్రం కొట్టలేదు. చెమట తుడుచుకుంటూ, "మీకేం, కూసొని లెక్క ఏస్తరు" అంది. అదీ నిజమే. 480 సార్లు కోయాల్సింది ఆమె చెయ్యి.

పైపులు ఎన్ని కొనాలో కూడా లెక్క వేశాం. ఒక్కో స్టాండుకు కాళ్ళు 4 × 18 = 72 అంగుళాలు, కడ్డీలు 8 × 12 = 96 అంగుళాలు. రెండూ కలిపితే 168 అంగుళాలు, అంటే 14 అడుగులు. నలభైకి 560 అడుగులు. ఒక పైపు 20 అడుగులు ఉంటుంది. 560 ÷ 20 = 28 పైపులు. సరిగ్గా సరిపోయాయి అనిపిస్తుంది. కాని కోత తినే ఇనుము మరిచాం! ఒక పైపులో 12 అంగుళాల ముక్కలు 20 రావాలంటే 19 కోతలు పడాలి. హాక్సాతో 19 మిల్లీమీటర్లు పోతుంది. అంటే ముప్పాతిక అంగుళం. కటింగ్ మిషన్‌తో 57 మిల్లీమీటర్లు, రెండు అంగుళాలకు పైనే. దేనితో కోసినా ఆఖరి ముక్క పొట్టిదవుతుంది. అందుకని 28 కాదు, 29 పైపులు కొనాలి. ఇటువంటి పైపు ఒకటి సుమారు 7 కిలోల బరువు తూగుతుంది. దుకాణంలో తూకానికి అమ్ముతారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. ఇనుము అమ్మే చోట్ల కొన్నిటిలో కటింగ్ మిషన్ ఉంటుంది. కోతకు ఇంత అని తీసుకొని కోసిస్తారు. ధర ముందే మాట్లాడుకోవాలి. కొలతలు చీటీ మీద రాసి ఇవ్వాలి. నోటిమాట మీద 18 అంటే 16 కోసి పెట్టినా అడగలేం. చీటీ ఉంటే అడగొచ్చు.

కొంగు, గాజులు, కన్ను

ఏ రంపం కొన్నా ఈ మాటలు మనకు, ఆడవాళ్ళకు ప్రత్యేకం. తిరిగే మిషన్ దగ్గర కొంగు వేలాడకూడదు. జడ ముడి వేసుకోవాలి. గాజులు తీసి పెట్టాలి. చక్రం తిరిగే చోట వదులు చేతి తొడుగులు కూడా వద్దు. అవి చుట్టుకుంటాయి. నైలాన్ చీర మీద రవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్ట కట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలను దూరం పంపండి.

కళ్ళద్దాలు తప్పనిసరి. పక్కల మూసి ఉన్నవి కొనండి. అవి ఖరీదైనవేమీ కావు. కంట్లో ఇనుప రజను పడితే నలపకండి. పైటకొంగు మెలిపెట్టి తీయించుకోకండి. నాలుకతో తీయించుకోకండి. మన వాడల్లో ఇట్లా తీసే వాళ్ళు ఉంటారు. వాళ్ళు మంచివాళ్ళే. కాని రజను కంటి పొరలో గుచ్చుకొని ఉంటే తుప్పు పట్టి పుండవుతుంది. వెంటనే కంటి ఆసుపత్రికి పోండి. మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్యశాల ఉంది. సినిమాలు తీసిన ఎల్.వి.ప్రసాద్ గారి పేరే దానికి పెట్టారు.

సంఘం ఏం చేసింది?

మరుసటి మీటింగులో సంఘం మూడు వేలు అప్పు రాసింది. వైసుకు, మంచి ఫ్రేముకు, డజను బై మెటల్ బ్లేడ్లకు, కళ్ళద్దాలకు. కాళ్ళ ముక్కలు 160 దుకాణంలో కోయించుకోమని, కడ్డీలు 320 ఇంట్లో కోసుకోమని పెద్దమ్మ సలహా చెప్పింది. అక్క ఒప్పుకుంది. మనసులో మాత్రం మిషన్ ఆశ పోలేదు.

వైసు ఆదివారం సంతలో బేరమాడి తెచ్చింది. బ్లేడ్లు రాణిగంజ్ వెళ్ళి తెచ్చింది. దుకాణపాయన 24 ఇవ్వబోతే, "32 అంటున్న గదా, ఈడ 24 రాసుంది" అని వెనక్కి ఇచ్చిందట. నలభై స్టాండ్లు 26వ రోజున నర్సరీకి పోయాయి.

ఇప్పుడు అక్క షెడ్డు గోడ మీద సుద్దముక్కతో గీతలు ఉంటాయి. ఒక్కో కోతకు ఒక గీత. ఐదుకు ఒక కట్ట. నెలాఖరుకు లెక్కపెడుతుంది. పోయిన నెల 210 వచ్చింది.

"మూడు నెలలు వరసగ 400 దాటనియ్యుండ్రి. అప్పుడు మల్ల వస్త మీటింగుకు" అంటోంది.

చదవండి, చేయండి

మీ ఇంట్లో మిక్సీ కింద ఉన్న బిళ్ళ చూడండి. ఎన్ని వాట్లు అని రాసి ఉంది? నిమిషానికి ఎన్ని చుట్లు అని రాసి ఉంది? పలక మీద రాయండి.

ఒక చక్రం మీద 8,500 అని ఉంది. మిషన్ మీద 11,000 అని ఉంది. ఈ చక్రం పెట్టవచ్చా? ఎందుకు?

ఒక యూనిట్ అంటే 1,000 వాట్ల మిషన్ ఒక గంట నడిస్తే అయ్యే కరెంటు. 2,000 వాట్ల మిషన్ ఎంతసేపు నడిస్తే ఒక యూనిట్ అవుతుంది?

అక్క అప్పు అడిగిన రోజున మీరు ఆ సంఘంలో ఉంటే ఏం అనేవారు? మీ గుంపులో మాట్లాడుకోండి.